నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి ఫైలు ఎందుకు ఎక్కదు?

ఉప్పాడ జామ్దానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీర అమ్ముడైపోతే, దాని పనితనం చూపడానికి నేతన్న ఇంట్లో మిగిలేది ఫోటోయే. సముద్రం ఒడ్డును కోసుకుపోతున్న మా ఊళ్ళో కాగితాలను నమ్ముకోలేం. ఫోటోలను రౌటరుకు కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్‌లో దాచడం మంచిదే. కానీ కాపీలో ఎర్రర్ రాగానే డ్రైవ్ పాడైందనుకుంటారు. తరచుగా కారణం వేరే ఉంటుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ముందు ఏ ఫైలు దగ్గర ఆగిందో చూడండి. అది పెద్ద వీడియో అయితే డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉందేమో. అందులో ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ ఫైలు పట్టదు. పద్ధతి మార్చడానికి ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయి. ముందే వేరే చోటికి తీసిపెట్టుకోండి.

మన తెలుగువాళ్ళ చిక్కు మాత్రం పేరులో ఉంది. ఈ డ్రైవ్‌లు ఎక్కువగా లైనక్స్‌తో నడుస్తాయి. అక్కడ ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్లే హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగుకు మూడు. గుణింతం, పొల్లు కూడా విడిగా లెక్కే. 'ఉప్పాడ' మన కంటికి మూడక్షరాలు. యంత్రానికి ఆరు గుర్తులు, 18 బైట్లు. అంటే 85 గుర్తులు దాటితే పేరు పట్టదు. విండోస్‌లో 255 గుర్తుల దాకా చెల్లుతుంది గనుక అదే పేరు అక్కడ నిక్షేపంగా ఉంటుంది! రంగు, అంచు, బుటా అన్నీ పేరులోనే రాసేవాళ్ళకు ఇది తగులుతుంది. పేరు కుదించి, వివరాలు పక్కన టెక్స్ట్ ఫైలులో రాయండి.

మధ్యలో తెగిపోతుంటే వైఫై వదిలి కేబుల్ పెట్టండి. 'కట్' వాడకండి, 'కాపీ' చేయండి. రెండు చోట్లా ఫైళ్ళ సంఖ్య, సైజు పోల్చి, కొన్ని తెరిచి చూశాకే ఫోన్లోంచి చెరపండి. ఇంకో కాపీ కాకినాడలో చుట్టాలింట్లో ఉంచండి.