నోటుపై ముద్రణదోషము – పిదప కలిగిన చెరుపు

మన వై.ఎన్.హొసకోటలో పట్టుచీరను పరీక్షించు నేతగాడు, మగ్గముపైననే పోగు తప్పినదా, మగ్గము దిగిన పిదప చినిగినదా యని చూచును. ‘వింత నోటు’ అని చెప్పి అధికధన మడుగువారు ఎదురైనపుడు మనమును అట్లే చూడవలెను.

కాగితము ముద్రణకు ముందే మడతపడినచో, విప్పినపుడు బొమ్మ రెండు తునుకలై, నడుమ సిరా సోకని తెల్లని చార కనబడును. అచట కాగితము చెడదు. పిదప పడిన మడతలోనో, సిరా అరిగి, పీచు లేచి, మురికి చేరును. అంకెను గీకి చెరిపిన చోటును వ్రేలితో తాకినను గరుకు తెలియును.

అంకెల నడుమ నక్షత్రమున్న నోటు దోషము కలది కాదు. ముద్రణాలయమున చెడిన నోటునకు బదులుగా దానిని చేర్చుదురు. ఈ పద్ధతి 2006లో మొదలైనది. కూలిడబ్బులలో అట్టిది వచ్చినచో దొంగనోటని త్రోసివేయవలదని మా విద్యార్థులకు చెప్పుచుందుము.

ఇక కోత తప్పినదను నోటు. దీనికి కొలబద్ద చాలును. మహాత్మాగాంధీ క్రొత్త వరుసలోని నూరురూపాయల నోటు పొడవు 142, వెడల్పు 66 మిల్లీమీటర్లు. యంత్రము ప్రక్కకు కోసినచో ఒక అంచున తగ్గినది రెండవ అంచున కనబడును. పొరుగు నోటు బొమ్మయు కొంత రావచ్చును. కొలతయే తగ్గి, ఎచ్చటను పెరుగకున్నచో అది కత్తెరపనియే.