ఏకాంకికల సాయంకాలము – మాతృభాషాభ్యాసము

నాటకమనగనే మన బాగేపల్లి, చింతామణి సీమల పెద్దలకు రాత్రి మొదలై తెల్లవారుదాక సాగు పౌరాణిక ప్రదర్శనము, హార్మోనియము, పద్యములు జ్ఞప్తికి వచ్చును. “ఇది బడిపిల్లలకు తగునా? చదువు చెడదా?” అని కొందరు తల్లిదండ్రులు మమ్మడుగుచున్నారు. గూళూరు వంటి ఊళ్లలో పిల్లలచే ఏకాంకికల నాడించుట యేల మేలో ఇచట విన్నవింతుము.

ఏకాంకిక యనగా ఒకే అంకమున ముగియు నాటకము. పెద్ద నాటకమును కుదించినంతమాత్రమున ఏకాంకిక కాదు. ఒక సంఘటన, ఒక స్థలము, నలుగురైదుగురు పాత్రలు, అరగంట మొదలు ముప్పావుగంట కాలము – ఇవి దాని హద్దులు. తెర లేచునప్పటికే చిక్కు ముదిరి యుండవలెను. ఇంగ్లండులో పూర్వము పెద్ద నాటకమునకు ముందు ఇట్టివి ఆడెడివారు. క్రమముగా నది స్వతంత్రకళ యయ్యెను. తెలుగున 1929లో తెనాలియందు వెలసిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు నాటికల పోటీలకు ఊతమిచ్చెను.

కన్నడసీమలో తెలుగు నాటకము పరాయిది కాదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో న్యాయవాదిగా నుండి సరసవినోదినీ సభను నడిపిరి. కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు అచటిదే. ఆయన ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుం పాత్రతో బళ్లారి రాఘవ (1880–1946) మిక్కిలి ఖ్యాతి గడించెను. రాఘవ తెలుగున, కన్నడమున, ఇంగ్లీషున నటించెను. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఎల్లలు మారినను అచటి రంగస్థల కీర్తి మాయలేదు. ఒక భాషపై మక్కువ మరొక భాషకు ద్రోహము కాదనుటకు రాఘవయే సాక్షి.

ఇక మా అనుభవము. అభ్యాసవేళ ఒక విద్యార్థి తన తెలుగు సంభాషణలను కన్నడలిపిలో వ్రాసికొనుట చూచితిమి. ఇంట కమ్మగా తెలుగు పలుకు బిడ్డకు తెలుగక్షరము కొరుకుడు పడలేదు! మందలింపక, దినమునకు నాలుగు పంక్తులు తెలుగులిపిలో వ్రాయించితిమి. పాత్రపై ఆశతో నతడు చదువ నేర్చెను. మేమును ఒక తప్పు చేసితిమి: పల్లెటూరి రైతు పాత్రకు గ్రంథభాష నేర్పితిమి, పాత్ర కొయ్యబారెను. “మీ అవ్వ ఎట్లు చెప్పునో అట్లు చెప్పుము” అన్న పిమ్మట ప్రాణము వచ్చెను.

ఒక సాయంకాలమునకు మూడు ఏకాంకికలు చాలును: ఒకటి చారిత్రకము, ఒకటి సాంఘికము, కడపట హాస్యము. రంగాలంకరణకు బల్ల, రెండు కుర్చీలు, ఒక తెర సరిపోవును. నెల దినములు, దినమునకు ఒక గంట అభ్యాసము చాలును. పాత్ర దొరకని పిల్లలకు తెర లాగుట, సామగ్రి చూచుట, వెనుకనుండి మాట అందించుట అప్పగింపవలెను. బాలికలకును సమానావకాశ మీయవలెను.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణమున చెప్పుచున్నది. వసతి నడుగుట సంఘము పని. భాషను వాడుట ఇంటి పని. కావున తల్లిదండ్రులారా! మీ బిడ్డ పాత్రను రాత్రివేళ ఒకసారి చదివించుకొని వినుడు. ప్రదర్శననాడు ముందువరుసలో కూర్చుండుడు. మీరు వినిననాడే వారి తెలుగు నిలుచును.