బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు

తార్నాక,
గురువారం రాత్రి.

మేనకోడలికి,

కొందామనుకుంటున్న పాత బండివని నిన్న నువ్వు పంపిన ఫోటోలు చూశాను. తొమ్మిదింటిలో ఏడు పరుపువీ, కర్టెన్లవీ, లోపల వేలాడదీసిన రంగు బల్బులవీ. ఒకదాంట్లో బండి పక్కన నిలబడి నువ్వు నవ్వుతున్నావు. తొమ్మిదో దాంట్లో ముందు టైరు సగం పడింది. ముప్ఫై నాలుగేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసినవాణ్ని కదా, నేను ఎక్కువసేపు చూసింది ఆ సగం టైరునే. ఒక పక్క అంచు మాత్రమే అరిగింది. అలైన్‌మెంటు పోయిందనో, బండి ముందు భాగం ఎప్పుడో దేనికో కొట్టుకుందనో నా అనుమానం.

ఫోన్లో చెబితే "మామా, ప్రతిదానికీ భయపెడతావు" అని పెట్టేస్తావు. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చేయలేవు.

థీసిస్ ఇచ్చేసి ముగ్గురు స్నేహితురాళ్లు మూడు నెలలు దేశం చుట్టి రావాలనుకోవడం నాకు తప్పుగా తోచలేదు. మీ అమ్మకు తోచింది. ఆమె సంగతి నేను చూసుకుంటా. ఇంటిని వెంటబెట్టుకుని తిరగడం మనకేం కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి పెద్ద పరివారంతో, డేరాలతో, వంట సరంజామాతో బయల్దేరి, మన హైదరాబాదు మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర కూడా స్నేహితుడికి రాసిన ఉత్తరాలే. ఇక చక్రాల మీద ఇల్లంటే మా తరానికి గుర్తొచ్చేది చైతన్యరథం. 1982లో ఎన్టీ రామారావు గారు పాత షెవర్లే వ్యానును మార్పించుకుని ఊరూరా తిరిగారు. ఉపన్యాసం దాని మీదే, స్నానం రోడ్డు పక్కనే. నడిపింది కొడుకు హరికృష్ణ. ఆయన మాట మళ్లీ చెబుతా.

ఇప్పుడు క్యారవాన్ అంటే షూటింగు దగ్గర హీరో కూర్చునే ఏసీ బండి. దాని వెనక జనరేటరు, డ్రైవరు, నిర్మాత డబ్బు ఉంటాయి. నీ వెనక ఫెలోషిప్పులో మిగిల్చుకున్న డబ్బు ఉంది. అందుకే చెబుతున్నా, పరుపును మరిచిపో. చెక్కపని వారం రోజుల్లో ఎవరైనా చేసిపెడతారు. తుప్పు పట్టిన చాసిస్‌ను, తిరకాసు కాగితాన్ని ఎవరూ బాగుచేయలేరు.

ముందు కాగితాలు. ఫోటోలో నంబరు ఏపీ 29 అని ఉంది. అది చూసి ఆంధ్ర బండి అని ఎవరో అన్నారట నీతో. 2014 జూన్‌కు ముందు మన రంగారెడ్డి జిల్లా బళ్లకు అదే కోడు, దాని గురించి బెంగ పడకు. బెంగ పడాల్సింది ఆ ప్లేటు పసుపు రంగులో ఉన్నందుకు. అంటే అది ట్రావెల్స్‌లో తిరిగిన బండి. పర్మిటు సరెండరు చేశారా, మూడు నెలలకోసారి కట్టే టాక్సు బాకీ ఉందా, చలాన్లు ఎన్ని, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ఇవన్నీ అడగాలి. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. దాన్ని తెల్ల ప్లేటుకు మార్చాలంటే ఏ తరగతిలో రాస్తారో, లైఫ్ టాక్సు ఎంత పడుతుందో ఆర్టీఏ ఆఫీసుకు నువ్వే వెళ్లి అడుగు. బండి అమ్మే కన్సల్టెన్సీ వాడు "అదంతా మేం చూసుకుంటాం మేడమ్" అంటాడు. చూసుకోడు. 2013 మోడలు కాబట్టి 2028కి పదిహేనేళ్లు నిండుతాయి. తెల్ల ప్లేటు వచ్చినా అక్కణ్ణుంచి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను కొత్త చేయించాలి. వందల్లో ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి వేలల్లోకి పోయింది. బేరంలో ఈ లెక్క కూడా వెయ్యి.

ఆర్సీలో ఫైనాన్సు పేరు ఉంటే అప్పు తీరినట్టు ఫారం 35, ఫైనాన్సు వాళ్ల ఎన్ఓసీ రెండూ చేతికి వచ్చాకే డబ్బు కదలాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దు, ఆర్సీలో ఉన్నదానితో ఒక్కో అంకె సరిచూసుకో. వెల్డింగు గీతో, కొత్త పెయింటో ఆ చోట కనిపిస్తే మారుమాట లేకుండా వచ్చెయ్. బీమా కూడా 14 రోజుల్లోపు నీ పేరుకు మారాలి. బండి అమ్మేసినా ఆర్సీలో పేరు మారకపోతే ప్రమాదపు నష్టపరిహారం ఆ పాత ఓనరు మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు మీరు తిరిగొచ్చి అమ్మేటప్పుడు ఆ పాత ఓనరువు నువ్వే, గుర్తుంచుకో. లైసెన్సు గురించి అడిగావు. నీ ఎల్ఎంవీ సరిపోతుంది. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండిని కూడా దానితో నడపవచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

రూఫు కోసి కిటికీ పెడతామని రాశావు. కొయ్యకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. క్యారవాన్లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఆమోదం పొందిన కంపెనీలు చేసిన బళ్లు వేరు. మన పక్క వీధి వెల్డింగు షాపులో చేయించింది వేరు. సీట్లు తీసేయాలన్నా ముందు అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ అడ్డం తిరగడానికి అదొక్కటి చాలు. మడిచి పెట్టుకునే మంచం, డబ్బాలు, దిగి పెట్టుకునే స్టవ్వు ఇవన్నీ సామాను కిందికే వస్తాయి, వాటి జోలికి ఎవరూ రారు. ముగ్గురు వెళ్తున్నారు, మూడు సీట్లకు మూడు బెల్టులు ఉండితీరాలి. బండి కదులుతుంటే పరుపు మీద ఎవరూ పడుకోకూడదు.

హరికృష్ణ మాట ఇందుకే ఎత్తాను. చైతన్యరథాన్ని అన్ని వేల కిలోమీటర్లు తోలిన మనిషి. 2018 ఆగస్టు 29న నెల్లూరు వైపు పెళ్లికని పొద్దున్నే సొంతంగా కారు తోలుకుంటూ వెళ్తూ నల్లగొండ దగ్గర ప్రమాదంలో పోయారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అనుభవం సరిపోదు బిడ్డా.

నా అనుభవమే చెబుతా. నువ్వు పుట్టకముందు, 1997లో, సెకండ్ హ్యాండ్ మారుతీ వ్యాను కొని అందరినీ శ్రీశైలం తీసుకెళ్లాను. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారని తొందర. దోమలపెంట దాటాక డ్యాము వైపు దిగుతుంటే పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలాను. నాలుగు మలుపులయ్యేసరికి బ్రేకు పెడలు మెత్తబడింది, కాలిన వాసన. గేరులో వేసి, కొండ పక్క మట్టిలోకి దింపి ఆపాను. మీ అమ్మే దిగి చక్రం కింద రాయి పెట్టింది. మూడు డిపోల డ్రైవర్లకు "ఎక్కిన గేరులోనే దిగండి" అని పాఠం చెప్పినవాణ్ని, ఆ రోజు ఎవరి మొహమూ చూడలేకపోయాను. మీ అమ్మ ఇప్పటికీ మీ ప్రయాణానికి ఒప్పుకోకపోవడానికి కారణం నువ్వు కాదేమో, నేనేనేమో.

ఆ వ్యానులో ఏడుగురమూ, సామానూ. బరువు గురించి అప్పుడు ఆలోచించలేదు. నువ్వు ఆలోచించు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. ఆ ట్యాంకును రూఫు మీద పెడతామని మీ స్నేహితురాలు గీసిన బొమ్మ చూశాను, బాగా గీసింది, కానీ మలుపులో బండి ఒరుగుతుంది. నలభై లీటర్లు చాలు, అదీ కింద, ఇరుసుల మధ్యలో. అయిపోతే దారిలో నింపుకోవచ్చు. కరెంటుకూ లెక్క ఉంది. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి, లేకపోతే త్వరగా చస్తుంది. 25 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలకు 200. మీ మూడు ల్యాప్‌టాపులు, ఒక్కోటి 60 వాట్ల చొప్పున రెండేసి గంటలు పెడితే 360. అయిపోయింది. ఏసీ ఊసెత్తకు. స్టవ్వు మాత్రం ఎంత వాన పడ్డా తలుపులు మూసుకుని లోపల వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

టైరు పక్కన నాలుగంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. ఆరేళ్లు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చెయ్. మే నెలలో సిమెంటు రోడ్డు మీద పాత టైరు ఎలా పేలుతుందో నేను చూశాను.

దారి సంగతి. మొదటి ప్రయాణం లడఖ్ వద్దు. ఉప్పల్ నుంచి 163వ జాతీయ రహదారి పట్టుకుని వరంగల్, అక్కణ్ణుంచి పాలంపేట. రామప్ప గుడి 2021లో యునెస్కో జాబితాకెక్కింది, నీకు చూపించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. పాలంపేటలో ఒక రాత్రి, లక్నవరంలో ఒక రాత్రి. ఆ రెండు రాత్రుల్లో ఏం కారుతుందో, ఏం కిర్రుమంటుందో, మీలో ఎవరికి ఎవరి మీద కోపం వస్తుందో అన్నీ తెలుస్తాయి. కొనకుండా ఒక బండిని అద్దెకు తీసుకుని ఈ రెండు రాత్రులూ తిరిగొస్తే ఇంకా మంచిది. ఫాస్టాగ్ వార్షిక పాసు 2025 ఆగస్టు 15న మొదలైంది, మొదట్లో 3,000 రూపాయలకు 200 టోల్ దాటింపులు. పసుపు ప్లేటుకు ఇవ్వరు, మన ఔటర్ రింగు రోడ్డు మీద చెల్లదు.

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రాసింది, రోజుకు ఎనిమిది గంటలు, అయిదు గంటలు వరసగా తోలితే కనీసం అరగంట విశ్రాంతి. అది జీతం తీసుకునే డ్రైవరుకు. నీకు అంతకంటే తక్కువ ఉండాలి. చీకటి పడ్డాక తోలొద్దు. రాత్రికి వెలుతురున్న పెట్రోలు బంకులో అడిగి ఆపండి, లేదా గుడి సత్రం దగ్గర. చెరువు గట్టు మీద ఒంటరిగా ఆపితే ఫోటో బాగుంటుంది, నిద్ర పట్టదు. 1033 హైవే హెల్ప్‌లైను, ముగ్గురి ఫోన్లలోనూ వేసుకోండి. డీజిలు బండి కదా, ఢిల్లీ వైపు పోయే ముందు పదేళ్లు దాటిన డీజిలు బళ్ల మీద అక్కడ అప్పటికి ఏ ఆంక్షలు ఉన్నాయో కనుక్కో.

నీకు కారు నేర్పింది మన ఉస్మానియా యూనివర్సిటీ రోడ్ల మీదే. ఆర్ట్స్ కాలేజీ ముందు మూడుసార్లు ఇంజను ఆగిపోతే ఏడ్చావు. బండి కొన్నాక మళ్లీ అక్కడికే రా, ఇంత పొడుగు బండిని రివర్సులో పెట్టడం వారం రోజులు నేర్చుకుందువు గాని. మన తార్నాకలో నాకా అంటే తనిఖీ ఠాణానే, నన్ను దాటుకుని పోవాల్సిందే.

ఆదివారం ఆరున్నరకు ఆ కన్సల్టెన్సీ షెడ్డుకు నేనూ వస్తున్నా. వస్తున్నామని ముందు చెప్పొద్దు. ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చేసి పొగ రంగు చూడాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు తాగుతున్నట్టు. డబ్బు వెంట తేవద్దు, టార్చి తీసుకురా. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెడతా. వెచ్చగా ఉంటే ఆ రోజు బేరం లేదు.

మీ మామయ్య