పైన గుడారము, క్రింద గుడారము

పాఠ్యభాగములు: లేవీయకాండము 23:33–43, ద్వితీయోపదేశకాండము 16:13–15, 23:12–14

ముఖ్యాంశము: కొన్నిదినములు గుడారములో నివసించుట శరీరమునకు విశ్రాంతి మాత్రమే కాదు, ఇల్లులేనివారిని జ్ఞాపకము చేసికొను సాధన కూడ.

ఇశ్రాయేలీయుల పండుగలలో ఒకటి ఇల్లు విడిచిపెట్టి జరుపుకొనవలసిన పండుగ. ఏడవ నెల పదునైదవ దినము మొదలుకొని ఏడు దినములు వారు కొమ్మలతో వేసిన పర్ణశాలలలో నివసింపవలెను. పంట ఇంటికి చేరినది, కొట్లు నిండినవి. సరిగా ఆ సమయముననే రాతిగోడల ఇల్లు గలవాడు ఆకుల నీడకు రావలెను. ఎందుకనగా వాని పితరులకు ఒకప్పుడు ఇల్లు లేదు. ద్వితీయోపదేశకాండము ఇంకొక మాట చేర్చుచున్నది. ఆ సంతోషములో కుమారుడు, కుమార్తె మాత్రమే కాక దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు పాలు పొందవలెను.

కావున ఈ పండుగకు రెండు ప్రయోజనములు కలవు. ఒకటి విశ్రాంతి, రెండవది జ్ఞాపకము. సూరతు నగరములోని మన తెలుగు కుటుంబములను, వారికి చేరువనున్న సాపుతారా కొండను, అచ్చటి చిన్న సరస్సును ఆధారము చేసికొని ఈ రెంటిని గూర్చి ఆలోచింతము.

1. విశ్రాంతి ఎవరికి?

తపతీనది ఒడ్డున నున్న సూరతు బట్టల నగరము. తెలంగాణ జిల్లాలనుండి నేతపనివారు, విశేషముగా పద్మశాలీలు, తరతరములుగా అచ్చటికి వలస పోయియున్నారు. లింబాయత్ మొదలగు పేటలలో తెలుగు మాట వినబడును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను నడుపుచున్నది.

మరమగ్గముల కార్ఖానాలలో పండ్రెండు గంటల షిఫ్టు సాధారణము. మగ్గముల చప్పుడులో ప్రక్కవానితో మాటలాడవలెనన్న చెవిదగ్గర కేకవేయవలెను. కూలి చాలచోట్ల మీటర్ల లెక్కన ముట్టును. మగ్గము ఆగిన దినమున కూలి లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకొక సెలవు దినమును విధించెను గాని, మీటరు లెక్కన బ్రదుకువానికి సెలవు దినము ఆకలి దినము కూడ కావచ్చును.

కొండలకు పోయి విశ్రమించుట మన దేశములో చాలకాలము కలిగినవారి అలవాటుగా నుండెను. అమెరికా మధుర మిషనువారు 1845లో కోడైకనాలులో వేసవి నివాసములు ఏర్పరచుకొనిరి. మైదానపు జ్వరములనుండి వారికి అది ప్రాణరక్షణ. అయితే వారి వంటవాడు, బండివాడు ఎచ్చట విశ్రమించిరి? ఈ ప్రశ్న వేయుట ఎవరిని నిందించుటకు కాదు. విశ్రాంతిదినపు ఆజ్ఞయే దీనిని మనయెదుట ఉంచుచున్నది. నిర్గమకాండము 20:10లో యజమానుని వెంట దాసుడు, దాసి, పశువు, ఇంటనున్న పరదేశి కూడ లెక్కింపబడిరి. విశ్రాంతి కొందరి విలాసమైనచో అది విశ్రాంతిదినపు విశ్రాంతి కాదు.

2. కొండయు సరస్సును

సూరతునుండి చిఖ్లీ, వాంస్దా, వఘయీల మీదుగా సుమారు 160 కిలోమీటర్లు పోయినచో సాపుతారా చేరవచ్చును. ఇది డాంగ్ జిల్లాలో, సహ్యాద్రి శ్రేణిలో, సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్నది. గుజరాతులో ప్రసిద్ధమైన కొండ విడిది ఇదియే. పేరునకు సర్పముల నివాసమని అర్థము. వఘయీ దాటిన పిమ్మట త్రోవకు ఇరుప్రక్కల టేకు, వెదురు అడవులు. పైకిపోవు కొలది ఘాటురోడ్డు మలుపులు. పీఠభూమిపైన కొండల నడుమ చిన్న సరస్సు కలదు. ఇది మనుష్యులు కట్టిన సరస్సు. దాని పరిసరములలో గుడారపు విడుదులు దొరకును.

డాంగ్ అడవులలో జూను మొదలు సెప్టెంబరువరకు గొప్ప వర్షము కురియును. ఏటికి రెండువేల మిల్లీమీటర్లకు మించును. కనుక గుడారమునకు వర్షములు వెనుకబట్టిన కాలము మేలు. అప్పుడు సరస్సు నిండుగా నుండును, కొండ ఇంకను పచ్చగా నుండును. దీపావళికి సూరతులో మగ్గములు కొన్నిదినములు ఆగును. పర్ణశాలల పండుగ కూడ పంటకోత ముగిసిన తరువాత ఇంచుమించుగా ఈ ఋతువుననే వచ్చునని గమనించుడి.

సువార్తలలోని గలిలయ సముద్రము కూడ నిజమునకు కొండల నడుమనున్న సరస్సే. దాని పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. కొండల కనుమలనుండి గాలి హఠాత్తుగా దిగివచ్చి నీటిని రేపును. సాపుతారా సరస్సు దానితో పోల్చినచో మిక్కిలి చిన్నది. అయినను కొండగాలి విషయమున జాగ్రత్త ఇచ్చటను అవసరమే.

3. పాళెపు క్రమము

పాళెములో శుభ్రతను గూర్చి ధర్మశాస్త్రము మాటలాడినది. ద్వితీయోపదేశకాండము 23:12–14 చదివినచో, పాళెము వెలుపలకు పోయి, గుంట త్రవ్వి, మలమును మన్నుతో కప్పవలెనని ఆజ్ఞ కనబడును. దేవుడు పాళెములో సంచరించుచున్నాడనునదే కారణము. ఈ క్రిందివానిని ఆ ఆజ్ఞకు నేటి అన్వయముగా ఎంచవచ్చును.

స్థలము: అనుమతి పొందిన చోటనే గుడారము వేయవలెను. వాననీరు నిలుచు పల్లము పనికిరాదు. ఎండుకొమ్మల క్రింద, నీటి అంచున వేయరాదు. మేకులు లోతుగా దిగగొట్టి, త్రాళ్లు బిగించి, ద్వారము గాలికి ఎదురుగా లేకుండ చూడవలెను.

నీరు: విడిదిలో మరుగుదొడ్డి యున్నచో దానినే వాడవలెను. లేనిచో నీటికి 60 మీటర్లకు తక్కువకాని దూరమున, 15 మొదలు 20 సెంటీమీటర్ల లోతున గుంట త్రవ్వి పూడ్చవలెను. గిన్నెలు, బట్టలు సరస్సులో సబ్బుతో కడుగరాదు. త్రాగు నీటిని కాచవలెను. పిల్లలను పెద్దల తోడులేక నీటియొద్దకు పంపరాదు.

నిప్పు: టేకుచెట్లు ఆకు రాల్చిన తరువాత అడవి ఎండుటాకుతో నిండును, ఒక్క నిప్పురవ్వ చాలును. అనుమతించిన చోట మాత్రమే పొయ్యి వెలిగించి, విడిచిపోవునప్పుడు బూడిద చేతికి చల్లగా తగులువరకు నీరు పోయవలెను.

పాములు: రాత్రివేళ దీపములేక నడువరాదు. చెప్పులు, పక్కబట్టలు దులిపి వాడవలెను. పాము కరచినచో నాటువైద్యమునకు కాలము వ్యర్థపరచక, గాయము కోయక, కరచిన అవయవమును కదల్చక ఆసుపత్రికి చేర్చవలెను.

చెత్త: తెచ్చినది తిరిగి తీసికొనిపోవలెను. మనవెనుక స్థలమును ఊడ్చువారు ఎవరైన నుందురనుకొనుట పాళెపు క్రమము కాదు.

4. క్రిందికి దిగు గుడారములు

ఇప్పుడు జ్ఞాపకమను రెండవ ప్రయోజనమునకు వత్తము. మనము చూడవచ్చిన కొండ ఒకరి స్వస్థలము. డాంగ్ జనులలో అత్యధికులు ఆదివాసులు: భిల్లులు, కుంకణులు, వార్లీలు. నాగ్లీ వారి ప్రధానమైన పంటలలో ఒకటి. అది మన రాగులే. తెలంగాణమున తైదలందురు, కోస్తాలో చోళ్లందురు. 1842లో బ్రిటిషువారు భిల్లు నాయకులయొద్ద ఈ అడవులను టేకుకొరకు కౌలుకు తీసికొనిరి. తరువాత అడవిలో చాలభాగము ప్రభుత్వ రిజర్వు అయ్యెను. కొండవాలులలో పోడుచేసికొను వారికి ఆంక్షలు వచ్చెను. ఆ నాయకుల వంశీకులకు ప్రభుత్వము ఏటేట భరణము చెల్లించును. హోళీకి ముందు ఆహ్వాలో జరుగు డాంగ్ దర్బారున దానిని అందజేయుదురు. సామాన్య జనులకు మాత్రము వర్షాధారపు చిన్న చేలు ఏడాది పొడవున చాలవు.

అందువలన వర్షములు ముగిసిన పిమ్మట వేలాది కుటుంబములు మైదానమునకు దిగును. సూరతు చుట్టుప్రక్కల, బార్డోలీ మొదలగు చోట్ల చక్కెర కర్మాగారములు కలవు. వాటికి చెరకు నరకుట వీరి పని. నరకు కత్తిని, నరకు దంపతుల జంటను కూడ 'కోయతా' అనియే పిలుతురు. మనిషికి పనిముట్టు పేరే పేరైనది. ముకద్దము ముందుగా ఇచ్చిన బయానా తీరువరకు, ఇంచుమించు ఆరు నెలలు, వారు చేలగట్లమీద, బయళ్లలో బొంగులు, చెరకు ఆకులు, ప్లాస్టిక్ పట్టలతో వేసిన గుడిసెలలో ఉందురు. ఆ మజిలీని 'పడావు' అందురు. వెంటవచ్చిన పిల్లల చదువు తరచుగా ఆగిపోవును.

చదువరులారా, ఈ రెండు ప్రయాణములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. దీపావళి దినములలో సూరతునుండి కుటుంబములు గుడారమునకై కొండ ఎక్కును. ఇంచుమించుగా ఆ ఋతువుననే కొండనుండి కుటుంబములు గుడారమునకై సూరతు చేలకు దిగును. మన గుడారము రెండు రాత్రులది, వారిది ఆరు నెలలది. మనది వేడుక, వారిది జీవనము. త్రోవ ఒక్కటే.

ఈ మాట మన సంతోషమును చెరుపుటకు చెప్పబడలేదు. మార్కు 6:30–34లో అలసిన శిష్యులను యేసు ఏకాంతముగా విశ్రమించుటకు పిలిచెను. తినుటకైనను వారికి తీరిక లేకుండెను గనుక ఆ పిలుపు న్యాయమైనదే. వారు దోనెయెక్కి పోవగా జనులు వారికంటె ముందుగా ఆ చోటు చేరిరి. యేసు విశ్రాంతి తప్పని చెప్పలేదు; జనులను చూచి కనికరపడెను. విశ్రాంతికి వెళ్లిన చోటనే పొరుగువాడు కనబడవచ్చును.

సూరతులోని తెలుగువారికి ఈ పాఠము మరింత దగ్గరది. పొట్టకూటికై స్వంత ఊరు విడిచి, పరాయి భాష నేర్చి, అద్దెగదిలో పిల్లలను పెంచుట ఎట్టిదో వారెరుగుదురు. చెరనుండి తిరిగివచ్చినవారు యెరూషలేములో ఇండ్ల మిద్దెలమీదను, లోగిళ్లలోను, వీధులలోను పర్ణశాలలు వేసికొనిరని నెహెమ్యా 8వ అధ్యాయము తెలుపుచున్నది. వలసను ఎరిగినవానికి పర్ణశాల అర్థము సులభముగా తెలియును.

5. అన్వయము

కొండమీద: దారిప్రక్క నాగ్లీ రొట్టె గాని, వెదురు పనితనము గాని కొనునప్పుడు కష్టమునకు తగిన వెల చెల్లింపుడి. అనుమతిలేక వారి ఇండ్లను, పిల్లలను ఛాయాచిత్రములు తీయకుడి. గుంపుగా వెళ్లినచో వంట చేయువారికిని, గిన్నెలు తోమువారికిని మీ పంక్తిలో చోటుంచుడి. వారికి కూడ సరస్సు చూచుటకు ఒక పూట విడిచిపెట్టుడి.

తిరిగివచ్చిన పిమ్మట: దగ్గరనున్న పడావునకు వెళ్లి త్రాగునీరు, మందులు, పిల్లల చదువు విషయమై వారికేమి అవసరమో మొదట వారినే అడుగుడి. మీ చేతిక్రింద పనిచేయువాడొక్కడే యైనను, కూలి తెగకుండ వానికి విశ్రాంతి దొరకుచున్నదా అని లెక్క చూచుకొనుడి.

సూరతులో లేనివారు తమ ప్రాంతమును తలంచుకొనవచ్చును. అరకులోయకు గాని, కోడైకనాలునకు గాని వెళ్లు ప్రతివానికి ఎదురుగా క్రిందికి దిగు కుటుంబము ఒకటి ఉండును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పంట చేతికి వచ్చిన సమయముననే ఇల్లు విడువవలెనని ఆజ్ఞాపించుటలో ఉద్దేశమేమి?

2. ద్వితీయోపదేశకాండము 16:14లో పేర్కొనబడిన వారిలో మీ గత విహారయాత్రలో ఎవరెవరు పాలు పొందిరి? ఎవరు పొందలేదు?

3. మీ యూరికి పనికై వచ్చి పట్టల గుడిసెలలో ఉండువారు ఎచ్చటివారు? వారి స్వంత ఊరి పేరు మీకు తెలియునా?