గిటార్ మోసే పని భుజానిది కాదు

కద్మా, జంషెడ్‌పూర్



గిటార్ పట్టుకున్న పావుగంటకే కుడి భుజం పట్టేస్తోందని, నొప్పి మెడ దాకా లాగుతోందని మీ అమ్మ చెప్పింది. బామ్ రాసుకుని మళ్లీ వాయిస్తున్నావట. బామ్ చర్మానికి వెచ్చదనం ఇస్తుంది, అంతే. గిటార్ మోసే పని భుజానికి అప్పగించినంత కాలం ఆ నొప్పి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

ఇనుము, ఉక్కు మీద బతికే ఊళ్లో ఈ సంగతి అర్థం కావడం కష్టం కాదు. చెయ్యి పైకెత్తి గంటల తరబడి వెల్డింగ్ చేసేవాళ్ల జబ్బలు ఎందుకు పాడవుతాయో తేల్చడానికి 1970లలో స్వీడన్‌లో హెర్బర్ట్స్, కాడెఫోర్స్ అనే పరిశోధకులు వెల్డర్ల కండరాల్లో పుట్టే విద్యుత్ సంకేతాలను కొలిచారు. అలసట స్పష్టంగా కనిపించింది భుజం పైభాగాన ఉండే సుప్రాస్పైనాటస్ అనే చిన్న కండరంలో. కదిలే కండరంలోకి రక్తం వస్తూ పోతూ ఉంటుంది. బిగబట్టి ఒకే చోట నిలిపిన కండరం తన రక్తనాళాలను తానే నొక్కుకుంటుంది. చేతిలో బరువు పెద్దగా లేకపోయినా, ఎత్తి ఉంచిన చెయ్యే ఒక బరువు.

ఇక గిటార్ సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి దుకాణంలో ఎక్కువగా అంటగట్టేది డ్రెడ్‌నాట్ రకం. 1906లో నీళ్లలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక పేరు అది. 1916లో అమెరికాలో మార్టిన్ కంపెనీ డిట్సన్ అనే సంగీత వ్యాపార సంస్థ కోసం ఆ పెద్ద పెట్టెను తయారుచేసింది. కింది భాగం వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు, లోతు 12 దాకా. పెద్ద గొంతు దాని గొప్ప. కాని సన్నటి పిల్ల దాని మీదుగా చెయ్యి వేస్తే మోచెయ్యి పక్కకి లేచిపోతుంది, దాంతో పాటు భుజం చెవి వైపు ఎక్కుతుంది. కూర్చుని వాయించే పిల్ల కూడా అప్పుడు వెల్డర్‌లా పనిచేస్తున్నట్టే. చిన్న నడుము, తక్కువ లోతు ఉన్న గిటార్ మీద ఇదే పిల్ల చెయ్యి తేలిగ్గా వాలుతుంది. పేరున్న బ్రాండ్ కన్నా ఒంటికి సరిపడే పెట్టె ముఖ్యమని దుకాణదారు చెప్పడు, కొనేవాళ్లే చూసుకోవాలి.

ఈ ఇబ్బంది ఈనాటిది కాదు. స్పెయిన్‌కి చెందిన గిటార్ విద్వాంసుడు డియోనీసియో అగ్వాడో పంతొమ్మిదో శతాబ్దంలోనే గిటార్‌ని ఒళ్లో పెట్టుకోవడం మానేసి, దాన్ని పట్టి నిలిపే ముక్కాలి స్టాండ్ చేయించాడు. వాద్యం బరువు స్టాండ్ మీద, చేతులు తీగల మీద. ఆయన మిత్రుడు, సాటి గిటార్ విద్వాంసుడు ఫెర్నాండో సోర్ అంతటివాడు కూడా ఆ స్టాండ్‌ని మెచ్చుకున్నాడు. తర్వాత గిటారిస్టు ఫ్రాన్సిస్కో టారెగా కాలానికి ఎడమ పాదం కింద చిన్న పీట వేసుకోవడం స్థిరపడింది. పీట వల్ల గిటార్ కుదురుతుంది గానీ, ఒక కాలు ఎత్తి ఎక్కువసేపు కూర్చుంటే నడుము ఒక పక్కకి తిరిగిపోతుంది. అందుకే ఇప్పుడు చాలామంది రెండు పాదాలూ నేల మీదే ఉంచి, తొడ మీద దిండు గాని, గిటార్‌కి అంటుకునే ఆసరా గాని పెట్టుకుంటున్నారు.

మన వైపు ఇంకో దారి ఉంది. హవాయి నుంచి వచ్చిన టౌ మో 1940లలో కలకత్తాలో ఉండి, గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి వాయించే పద్ధతిని అక్కడ పాతుకునేలా చేశాడు. ఆ పద్ధతినే బ్రిజ్ భూషణ్ కాబ్రా హిందుస్తానీ కచేరీకి తెచ్చాడు. అందులో చెయ్యి పెట్టె మీదుగా చాచే పనే లేదు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించేవాడు. పలకలాంటి వాద్యం కాబట్టి మోచేతిని పైకి తోసే పెట్టె అక్కడ లేదు.

వాద్యం ఎవరు మోస్తున్నారో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కూర్చుని, రెండు చేతులూ గిటార్ మీంచి తీసెయ్యాలి. అది జారినా, దాని మెడ కిందికి వాలినా, ఇన్నాళ్లూ దాన్ని పట్టి ఉంచింది భుజాలే. కూర్చున్నప్పుడు కూడా పట్టీ వేసుకుంటే ఈ బాధ చాలామటుకు తీరుతుంది. పట్టీ ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పుండాలి, మెడని ఆనుకోకుండా భుజం మీద కూర్చోవాలి. చేతికి వెళ్లే నరాలు కంఠపుటెముక కిందుగా పోతాయి. సన్నటి పట్టీకి నాలుగు కిలోల ఎలక్ట్రిక్ గిటార్ వేలాడదీస్తే ఎడమ భుజం నొప్పితో పాటు వేళ్లలో తిమ్మిరి కూడా రావచ్చు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, మోచేతికి అడ్డం.

సాధన వేళల మాటకొస్తే చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వారమంతా పెట్టె ముట్టకుండా ఆదివారం నాలుగు గంటలు వాయిస్తే ఏ భుజమైనా మొరాయిస్తుంది. పాతిక నిమిషాలు వాయించి అయిదు నిమిషాలు లేవాలి. ఆ అయిదు నిమిషాలూ ఫోన్ మీదకి వంగితే అది విరామం కాదు. సంగీత పరీక్షకి కష్టమైన పాఠం వచ్చిందని సాధన ఒక్కసారిగా రెట్టింపు చెయ్యకూడదు. జనవరి చలిలో చేతులు వెచ్చబడ్డాకే వేగం పెంచాలి.

యెహూదీ మెనూహిన్ పేరు విన్నావు కదా? చిన్నతనం నుంచే ప్రపంచాన్ని ఊపేసిన వయొలిన్ విద్వాంసుడు. ఒంట్లో బిగుతు, నొప్పులు, నిద్రలేమి ఆయన్నీ వదల్లేదు. 1952లో బొంబాయి వచ్చినప్పుడు యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్‌ని కలిశాడు. అయ్యంగార్ శవాసనం వేయిస్తే అక్కడికక్కడే నిద్రపోయాడు! తర్వాత ఆయనే తన అత్యుత్తమ వయొలిన్ గురువని చెప్పుకున్నాడు. యోగా అన్ని నొప్పులకీ మందని దీని అర్థం కాదు, చేతులు చాచి మెలితిప్పే ఆసనాలు నొప్పి ఉన్న భుజానికి చేటు కూడా చెయ్యవచ్చు. బిగుతు వదలడం కూడా నేర్చుకోవలసిన విద్యే అన్నంత వరకు తీసుకో.

ఇంట్లో చెయ్యదగ్గవి కొన్ని ఉన్నాయి. వీపు రెక్కలు రెండూ వెనక్కీ కిందికీ లాగి అయిదు లెక్కపెట్టి వదలడం. గోడకి ముంజేతులు ఆనించి నెమ్మదిగా పైకీ కిందికీ జరపడం. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టుకుని, రబ్బరు పట్టీని బయటికి లాగడం. కీలుని పట్టి ఉంచే చిన్న కండరాలకు బలం ఇచ్చేది ఈ చివరిదే. కాని చేస్తున్నప్పుడు పొడుచుకొచ్చే నొప్పి వస్తే ఆపెయ్యాలి. నొప్పి మాత్ర వేసుకుని వాయించడం మాత్రం అస్సలు వద్దు. ఒళ్లు ఇస్తున్న కబురు చెవికి చేరకుండా చేస్తుందది.

వాయించిన మర్నాటికల్లా తగ్గిపోయే నొప్పి వేరు. రెండు వారాలైనా తగ్గకపోయినా, రాత్రి నిద్ర లేపినా, చెయ్యి ఎత్తలేకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు జారినా ఎముకల డాక్టర్‌కి గాని ఫిజియోథెరపిస్టుకి గాని చూపించుకోవాలి. మీ తాతగారి లాంటి వాళ్లకయితే ఇంకో మాట: ఎడమ భుజం నొప్పితో పాటు గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గిటార్ పని కాదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

క్లినిక్‌కి వెళ్లేటప్పుడు గిటార్ కూడా పట్టుకెళ్లు. షేర్ ఆటోలో ఇబ్బందే, రెండు భుజాలకీ తగిలించుకునే సంచీలో పెట్టుకో. నిన్ను బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూస్తే సగమే తెలుస్తుంది. వాళ్ల ఎదురుగా కూర్చుని ఒక పది నిమిషాలు వాయించు. నీ భుజం ఎన్నో నిమిషానికి పైకి లేస్తోందో వాళ్లని చూడమను.

ఆశీస్సులతో,
పెదనాన్న