ఇంటిపట్టున అరువది దినములు



2020 వ సంవత్సరము మార్చి 25 వ తేది మనకు ఉగాది పండుగ. శార్వరి నామ సంవత్సరము ఆనాడే ప్రవేశించినది. శర్వరి యనగా రాత్రి. పంచాంగములోని పేరు అంతగా సార్థకమగునని మేమెవ్వరమును తలంపలేదు. కోవిడ్ అను అంటువ్యాధి ప్రపంచమంతటను వ్యాపించుచుండుటచే, సరిగా ఆ దినము మొదలుకొని 21 దినములు జనులెవ్వరును ఇల్లు కదలరాదని కేంద్రప్రభుత్వము శాసించెను. ఆ గడువు పిమ్మట మే 3 వఱకును, తరువాత 17 వఱకును, తుదకు ఆ నెల చివఱి వఱకును పెరిగినది. మీరప్పటికి చాల చిన్నవారు. కొందఱికి కొంత గుఱుతుండవచ్చును.

మేము తెనాలిలో నుందుము. మా మనుమడు అపుడు మీ వయసువాడే. పాఠశాల మూసివేయగా పండుగకు మా యింటికి వచ్చి అక్కడనే నిలిచిపోయెను. వాని తండ్రి ఉద్యోగరీత్యా బెంగుళూరిలో చిక్కుకొనెను. తల్లి గుంటూరులో ఒక ఆసుపత్రియందు నర్సు. రోగుల సేవలో నున్నవారు ఇండ్లకు పోరాదు గనుక ఆమెకు వేఱొక చోట బస యేర్పాటు చేసిరి. గుంటూరు మాకు ఇరువదియైదు కిలోమీటర్ల దూరమే. అయినను ఆ దినములలో అది కాశీ కంటె దూరమయ్యెను.

పిల్లవాడు మొదటి వారము వీధి గుమ్మము విడిచి రాలేదు. అన్నము సరిగా తినలేదు. తల్లి టెలిఫోనులో మాటాడినచో "ఊఁ" అనుటయే గాని మాటలేదు. నేను ముప్పదియేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను కావున వెంటనే ఒక కాలనిర్ణయపట్టిక వ్రాసి గోడకు అంటించితిని. ఆఱింటికి లేచుట, ఏడింటికి లెక్కలు, ఎనిమిదింటికి పద్యములు. మహామారి భయముచే 1665 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమును మూసివేసినపుడు న్యూటను తన పల్లెకు పోయి గణితమునందును కాంతిశాస్త్రమునందును ఎంతటి కృషి చేసెనో కూడ చెప్పితిని. ఆ వేసవిలో ఈ కథ చెప్పి పిల్లలను విసిగింపని ఉపాధ్యాయుడు లేడనుకొందును. మావాడు అంతయు విని, "తాతయ్యా, న్యూటను వాళ్ళ అమ్మ ఎక్కడ నుండెను?" అని అడిగెను. ఆమె ఆ పల్లెలోనే, ఆ యింటనే యుండెను. నేను మాటాడక పట్టికను చింపివేసితిని.

ఏప్రిల్ 3 వ తేది సాయంకాలము ఉక్కపోతకు తాళలేక డాబా మీదికి చేరితిమి. పడమట శుక్రుడు వెలుగుచుండెను. సరిగా చూడగా అది కృత్తికల నడుమ నిలిచియున్నది. చిన్న చిన్న రవ్వల మధ్య పెద్ద వజ్రము పొదిగినట్లుండెను. శుక్రుడు ఎనిమిదేండ్లకొకసారి ఇంచుమించు ఆ దినములలోనే ఆ తావునకు వచ్చును. 2012 లో వచ్చెను, 2028 లో మరల వచ్చును. మా మనుమడు ఒక్క పరుగున పోయి తల్లికి టెలిఫోను చేసెను. "అమ్మా, పడమటి వైపు చూడు" అనెను. ఆమె బస చేసిన చోట మెట్లెక్కి పైకి వెళ్ళి చూచి, "కనబడినదిరా" అనెను. అదియే నక్షత్రరాశి, అదియే గ్రహము. ఇరువురును టెలిఫోను చెవికి ఆనించుకొని చాలసేపు మాటలేక చూచిరి. ఆ రాత్రి వాడు రెండుమాఱులు మజ్జిగ పోయించుకొనెను.

తల్లి ఒక నియమము చెప్పినది. ప్రతిదినము తాను చూచిన క్రొత్తసంగతి ఒకటి వాడు ఆమెకు చెప్పవలెను. నిన్న చెప్పినది నేడు చెప్పరాదు. రోగుల నడుమ పండ్రెండు గంటలు ముసుగులతో చెమటలో తడిసినవారికి వినుటకు ఒక మంచిమాట కావలయును గదా! వాడు చూచుట నేర్చినది అందులకే. వానితో నేనును నేర్చితిని.

మొదట వాని కంటబడినది వేపచెట్టు నీడ. ఆ నీడలో నేలమీద పడు వెలుతురు చుక్కలన్నియు గుండ్రముగా నున్నవేల? ఆకుల మధ్య సందులు గుండ్రముగా లేవే! డెబ్బదియేండ్లకు చేరువైన నాకును ఆ ప్రశ్న ఎన్నడును తోచలేదు. విచారింపగా, ఒక్కొక్క చిన్న సందు గుండ వచ్చు వెలుగు నేలపై సూర్యబింబమునే చిత్రించుచున్నది. మనము త్రొక్కుచు నడచు ఆ చుక్కలన్నియు సూర్యులే! ఆ యేడు జూన్ 21 న సూర్యగ్రహణము పట్టినపుడు అవి యన్నియు అంచు కొఱికిన అప్పడములవలె నయ్యెను.

ఒకనాడు పాత బోషాణము తీసి చూడగా గవ్వల సంచి దొఱకినది. నేలపై సుద్దతో ఇరువదియైదు గళ్ళు గీచి అష్టాచెమ్మ ఆడితిమి. నలువదియేండ్ల కాపురము తరువాత నా భార్య ఆటలో మోసము చేయునని నాకు తెలిసినది. ఆ సంగతియు గుంటూరు చేరినది. ద్వంద్వయుద్ధము చేసిన నేరమునకు 1790 లో ఇటలీలోని ట్యూరిన్ నగరమున 42 దినములు గదిలో నిర్బంధింపబడిన జేవియర్ ద మేస్త్ర అను సైనికోద్యోగి, కుర్చీనుండి మంచమునకు, మంచమునుండి గోడమీది పటములకు తాను చేసిన 'యాత్ర'ను గుఱించి ఒక పుస్తకమే వ్రాసెను. మా బోషాణము ఆయన కుర్చీకి తీసిపోదు.

అయితే ఒక మాట దాచరాదు. మేము శుక్రుని చూచి ఆనందించుచున్న ఆ దినములలోనే, పనులుపోయిన కూలివారు వేలకొలది పిల్లలను చంకనెత్తుకొని జాతీయరహదారులపై కాలినడకన స్వగ్రామములకు పోవుచుండిరి. పంజాబులోని జాలంధరు పట్టణమువారికి, గాలి పరిశుభ్రమగుటచే, హిమాలయములలోని ధౌలాధార్ శిఖరములు మిద్దెలపైనుండి కనబడినవని చదివి సంతోషించిన పత్రికలోనే వారి పాదముల చిత్రములును చూచితిమి. "తాతయ్యా, వారికిని శుక్రుడు కనబడునా?" అని మావాడడిగెను. కనబడును. నిలిచి చూచుటకు వారికి అరుగు లేదు. ఇల్లున్నవారికే గదా ఇంటిపట్టు! ఆనాడు వాడు తల్లికి చెప్పినది ఆ సంగతియే. అది మంచిమాట కాకున్నను ఆమె కాదనలేదు.

ఏప్రిల్ మూడవ వారమున పెరటిలోని నందివర్ధనపు చెట్టున దర్జీపిట్ట గూడు కట్టినది. పిచ్చుకకన్న చిన్నది, తోక నిక్కబొడుచుకొని తిరుగును. ఆడుపిట్ట ముక్కుతో ఆకుల అంచులకు చిల్లులు పొడిచి, దూదిపోగును సాలెపట్టును వాటిలో దూర్చి, రెండాకులను సంచివలె కుట్టినది. ముడివేయదు. పోగుకొన చిల్లు వెలుపల ఉబ్బి జాఱక నిలుచును. ఆకులను త్రుంచదు గనుక అవి పచ్చగనే యుండును, గూడున్నట్లు పరులకు తెలియదు. లోపల మూడు గ్రుడ్లు. మావాడు దగ్గఱకు పోక, వంటయింటి కిటికీనుండి చూచి దినమునకొక వార్త పంపుచుండెను.

ఏప్రిల్ చివఱను ఒకనాడు తల్లినుండి టెలిఫోను రాలేదు. మఱునాడు తెలిసినది, ఆమెకు జ్వరము. పరీక్షకు పంపిరట. ఫలితము వచ్చుటకు మూడు దినములు పట్టినది. ఆ మూడు దినములు మా యింట ఎవ్వరును బిగ్గఱగా మాటాడలేదు. నా భార్య ఆవకాయకు కాయలు తఱుగుచు మధ్యలో కత్తిపీట వదలి కూర్చుండెను. పిల్లవాడు మాత్రము కిటికీ వదలలేదు. ఆనాడు చెప్పవలసిన మాటను నోటుపుస్తకమున వ్రాసికొనెను. తరువాత నేను చూచితిని. మొదటి దినము: "పిట్ట గ్రుడ్లమీద కూర్చున్నది." రెండవ దినము: "పిట్ట గ్రుడ్లమీద కూర్చున్నది." మూడవ దినమును అదియే. నిన్నటిమాట నేడు చెప్పరాదను నియమమును వాడు తప్పుట ఆ మూడు దినములే.

నాలుగవ దినమున వ్యాధి సోకలేదని తెలిసినది. ఆమె మరల కొలువులో చేరెను. మే మొదటి వారమున పిల్లలు బయటపడినవి. తల్లిపిట్టయు తండ్రిపిట్టయు పురుగులను తెచ్చి నోళ్ళకందించుచుండగా, మావాడు ఒక ఉదయమున ఎన్నిమాఱులు వచ్చినవో గీతలు గీచి, నూఱు దాటిన పిమ్మట లెక్క విడిచెను. కోడలి కొలువు ముగిసి, పదునాలుగు దినములు వేఱుగా నుండవలసిన గడువు ప్రారంభమైనది. అమ్మ వచ్చువఱకు పిల్లలు ఎగిరిపోకుండవలెనని వాని కోరిక.

మే 23 వ తేదీ ఉదయమున ఆమె వచ్చినది. ఉగాదినుండి లెక్కింపగా అది అరువదవ దినము. పిట్టపిల్లలు ముందునాటి మధ్యాహ్నమే ఎగిరిపోయినవి. వాడు ఆ సంగతి టెలిఫోనులో చెప్పలేదు.

ఆమె పెరటి దారిని వచ్చి, నీళ్ళు పోసికొని, బట్టలు మార్చుకొనిన తరువాత గాని వానిని దగ్గఱకు రానీయలేదు. వాడు చేయిపట్టుకొని నందివర్ధనము కడకు తీసికొనిపోయెను. ఆకుల సంచిలో రెండు మెత్తని యీకలు మాత్రముండెను. ముసుగు త్రాళ్ళు ఒఱసి ఆమె చెవుల వెనుక పుండ్లు కట్టియున్నవి. ఆమె వంగి ఆ కుట్టును వ్రేలితో తాకి, "ఎంత చిన్న ముక్కురా దానికి!" అనెను. ఇంకను చాలసేపు చూచి, వంటయింటి వైపు తిరిగి, "ఆకలగుచున్నది అత్తయ్యా!" అని కేకవేసెను.