క్రొత్తచోట నిలద్రొక్కుకొనుట



ప్రతి సంవత్సరమును మన పాఠశాలలో నడుమ తరగతులకు కొందరు బాలబాలికలు క్రొత్తగా వచ్చి చేరుచుందురు. తండ్రికి బదిలీ అయినదనియో, పని వెదకికొనుచు కుటుంబము తరలివచ్చినదనియో కారణము చెప్పుదురు. వారితోపాటు పుస్తకముల సంచి వచ్చును, బదిలీ పత్రము వచ్చును. కాని వారి మనస్సు ఇక్కడికి చేరుటకు కొన్ని నెలలు పట్టును. దీనిని మేము బలహీనతగా తలంపము. ఊరు విడిచి ఊరు చేరుట పెద్దలకే కష్టమైన కార్యము. ఆ కష్టమెట్టిదో, మనుష్యులు దాని నుండి ఎట్లు తేరుకొందురో, కొందరు ఎందుచేత తేరుకొనలేకపోవుదురో తెలిసికొనుటకు దూరదేశముల చరిత్ర చదువనక్కరలేదు. మన కోరాపుట్ సీమ చరిత్రయే ఇందుకు చాలును.

కష్టమునకు దూరము కొలత కాదు

1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా రాష్ట్రము ఏర్పడెను. అంతవరకు మద్రాసు రాజధానిలో విశాఖపట్టణము జిల్లాకు చెందియున్న ఈ ప్రాంతము ఆనాడు క్రొత్త రాష్ట్రములో చేరినది. ఇక్కడి తెలుగువారిలో పలువురు ఇల్లు కదలకయే వేరొక రాష్ట్రపు పౌరులైరి. కచ్చేరీ భాష మారెను. పిల్లల చదువు ఏ భాషలో సాగవలెనను ప్రశ్న పుట్టెను. ఉన్నచోటనే ఉండియు క్రొత్తవారగుట యన నిదియే.

తరువాత మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకము వచ్చెను. 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభమైనది. జలాపుట్ జలాశయము క్రింద మునిగిన గ్రామముల ప్రజలు పోయినది కొలది కోసుల దూరమే. అయినను పొలము, చెట్టు, పితరుల సమాధులు, సంతకు పోవు బాట, అన్నియు నీటిపాలైనవి. వారికి భాష మారలేదు, కొండగాలి మారలేదు. బ్రదుకు మాత్రము మారెను.

1960 దశకములో సునాబెడలో విమాన యంత్రముల కర్మాగారము, 1980 దశకములో దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారము వెలసినవి. వీనిలో పనిచేయుటకు దేశపు నలుమూలల నుండి ఉద్యోగులు వచ్చిరి. వారికి జీతము, ఇల్లు, వైద్యశాల ముందుగానే సిద్ధమై యుండెను. అందుచేత వారు త్వరగా కుదురుకొనిరి. ఈ భేదమును గుర్తుంచుకొనుడు. మనిషి గుండెదిటవు ఒక్కటియే చాలదు. అతని ముందు ఏమి సిద్ధపరుపబడినదను దానిమీద చాల ఆధారపడి యుండును.

దండకారణ్యములో జరిగిన కథ

మన ప్రాంతములో ఇట్టి రాకపోకలన్నిటిలోను పెద్దది దండకారణ్య పథకము. 1947లో దేశము విభజింపబడిన పిమ్మట తూర్పు బెంగాలు నుండి లక్షలకొలది హిందూ కుటుంబములు ఇల్లువాకిళ్ళు విడిచి పశ్చిమ బెంగాలునకు వచ్చినవి. వారిలో పలువురు నిరుపేద కర్షకులు. కొన్ని సంవత్సరములు శిబిరములలో ప్రభుత్వ భత్యముతో కాలము గడపిరి. 1958లో కేంద్ర ప్రభుత్వము దండకారణ్య అభివృద్ధి సంస్థను స్థాపించెను. దాని ముఖ్య కార్యాలయము కోరాపుట్‌లోనే యుండెను. ఒడిషాలోని ఉమర్‌కోట్, మల్కన్‌గిరి ప్రాంతములును, ఆనాటి బస్తరు జిల్లాలోని పరల్‌కోట్, కొండాగాఁవ్ ప్రాంతములును కాందిశీకుల నివాసమునకు ఏర్పరుపబడినవి.

కలకత్తా నుండి రాయపూరుకు రైలుదారి 800 కిలోమీటర్లకు పైబడినది. అక్కడి మానా శిబిరములో కొంతకాలముండి, లారీలలో అడవి బాటలవెంట ఈ ప్రదేశములకు చేరవలెను. 1964 ఆదిలో తూర్పు పాకిస్థానులో అల్లర్లు చెలరేగినప్పుడు మరికొన్ని వేల కుటుంబములు ఈ దారినే వచ్చినవి. ఒక్కొక్క కర్షక కుటుంబమునకు సుమారు ఆరేడు ఎకరముల భూమి కేటాయించిరి. క్రొత్తగా కట్టిన గ్రామములకు పేర్లు పెట్టక సంఖ్యలు వేసిరి. మల్కన్‌గిరి గ్రామములకు ఎం.వి., ఉమర్‌కోట్ గ్రామములకు యు.వి., పరల్‌కోట్ గ్రామములకు పి.వి. అను అక్షరములు, వాని ప్రక్క వరుససంఖ్య. ఈనాటికిని ఆ గ్రామములను జనులు సంఖ్యతోనే పిలుచుచున్నారు.

వచ్చినవారు సోమరులు కారు. తరతరములుగా వరి పండించినవారు. అయినను మొదటి సంవత్సరములలో వారి నేర్పు అక్కరకు రాలేదు. ఎందుచేతనన, వారి దేశములో నదులు పొంగి పొలములపై ఒండ్రు పరచును. నీరు తానుగా వచ్చి నిలుచును; దానిని ఎట్లు పోనిచ్చుటయన్నదే అక్కడి చింత. ఇక్కడ వాన తక్కువ కాదు. కాని నేల ఎఱ్ఱనిది, వాలుగలది, పలుచోట్ల రాతిగుండ పైకి తేలినది. కురిసిన నీరు గడియలో జారిపోవును. పడవ నడపిన చేతికి ఇక్కడ ఏరు లేదు. చేపలు పట్టిన వలకు చెరువు లేదు. మీదుమిక్కిలి మలేరియా జ్వరము. 1963–64లో ఆ సంస్థకు అధ్యక్షులుగా నుండిన శైవాల్ కుమార్ గుప్త గారు పదవి విడిచిన పిమ్మట 1965లో వ్రాసిన వ్యాసములలో పలుచోట్ల ఇచ్చిన భూములు సేద్యమునకు తగినవి కావని విమర్శించిరి.

అదే నేలమీద మన ఆదివాసులు తరతరములుగా పంట తీయుచుండిరి కదా! వారి రహస్యమేమి? వారు భూమిని ఒక్కటిగా చూడరు. కొండవాలు డొంగర్, దాని క్రింది మెట్ట పదర్, మడికట్టిన నేల బెడా, వాగు లోయలోని తడినేల ఝోలా. డొంగరుమీద చోళ్ళు, సామలు, ఝోలాలో వరి. ఏ నేలకు ఏ గింజయో వారికి కంఠస్థము. ఈ సంప్రదాయ వ్యవసాయ విధానమును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాధాన్యముగల వారసత్వముగా గుర్తించెను. క్రొత్తగా వచ్చిన వారికి నాగలితోపాటు ఈ విద్యయు కావలసియుండెను.

ఇచట మరియొక సత్యమును విడువరాదు. నరికిన అడవి ఎవరికిని చెందని అడవి కాదు. ఆదివాసులు కట్టెలకు, దుంపలకు, ఇప్పపూవునకు, పోడుకు ఆధారపడిన అడవి అది. బాగుచేసిన భూమిలో నాల్గవ వంతు ఆదివాసుల కొరకు కేటాయింపవలెనని నియమముండెను. అయినను ఒకరి నివాసము మరియొకరి నష్టము కాకూడదను చింత ఈనాటికిని మన ప్రాంతములో సజీవముగానే యున్నది. వచ్చినవాని దుఃఖము ఎంత నిజమో, ముందునుండి ఉన్నవాని భయమును అంత నిజము.

కొందరు నిలిచిరి, కొందరు వెడలిరి

1978లో వేలకొలది కుటుంబములు దండకారణ్యమును విడిచి పశ్చిమ బెంగాలునకు మరలిపోయినవి. వారిలో పలువురు సుందరవనములోని మరిచ్‌ఝాఁపి ద్వీపమున గుడిసెలు వేసికొని, స్వయముగా చేపల పెంపకము, పాఠశాల నడపసాగిరి. అది రక్షితారణ్యమని ప్రభుత్వము 1979 జనవరిలో రాకపోకలు నిర్బంధించి, మే నెలలో వారిని బలవంతముగా ఖాళీ చేయించెను. ఆ కాలములో ప్రాణనష్టము కలిగినది. మిగిలినవారిలో పెక్కుమందిని తిరిగి దండకారణ్యమునకే పంపిరి.

వెడలినవారిని నిందించుట తేలిక. కాని పంట పండని నేల, తెలియని భాష, సంఖ్యతో పిలువబడు ఊరు, ఇరువది సంవత్సరముల పిదపను తీరని బెంగ, ఇవన్నియు ఒకచోట చేరినప్పుడు తమ నీరు, తమ మాట గల చోటికి మనస్సు లాగుట సహజము కాదా?

నిలిచిన వారి సంగతియు చూతము. ఉమర్‌కోట్ ప్రాంతమునకు భాస్కెల్ ఆనకట్ట నీరు, మల్కన్‌గిరికి సతీగుడ జలాశయము, పొట్టేరు కాలువలు వచ్చినవి. నీరు వచ్చినచోట వరి నిలిచెను. చెరువులు త్రవ్వుకొని చేపలు పెంచిరి; కూరగాయలు పండించి సంతలకు తెచ్చిరి. ఉమర్‌కోట్ వైపు మొక్కజొన్న నేడు ముఖ్యమైన పంట. అనగా పాత నేర్పు వ్యర్థము కాలేదు. క్రొత్త నేలకు తగినట్లు దానిని మలచుకొనుటకు నీరును, కాలమును కావలసి వచ్చినవి.

తమవారి నడుమకు వచ్చినను

ఒకే భాష మాట్లాడువారి నడుమకు పోయిన కష్టముండదని కొందరనుకొందురు. తెలుగువారి అనుభవము వేరుగా చెప్పుచున్నది. 1942లో జపానుసేనలు బర్మాపై పడినప్పుడు లక్షలకొలది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన వచ్చిరి. దారిలో ఆకలిచేతను, రోగములచేతను మరణించినవారు వేలకొలది. మరల 1962 తరువాత అక్కడి సైనిక ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా లక్షకు పైబడి భారతీయులు ఓడలలో తిరిగివచ్చిరి. వారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల తెలుగువారు పలువురు. విశాఖపట్టణములో ‘బర్మా క్యాంపు’ అను పేటపేరు ఆనాటి గుర్తు. వారు తెలుగు మాట్లాడుదురు. కాని వారి పిల్లలు పుట్టినది రంగూనులో. తాతల ఊరు వారికి కథలలో విన్న ఊరు. పుట్టిన గడ్డ పరాయిదయ్యెను, పూర్వికుల గడ్డ క్రొత్తదయ్యెను. భాష కలిసినను పని, ఇల్లు, ఇరుగుపొరుగు కలియుటకు కాలము పట్టెను.

ఈ చరిత్ర వలన గ్రహింపవలసినది

ఆకుమడిలోని నారు పెరికి పొలములో ఊడ్చినప్పుడు కొన్నినాళ్ళు పసుపువన్నె తిరుగును. రైతు దానిని చూచి చచ్చినదని పెరికివేయడు. పాదున నీరు నిలిపి ఎదురుచూచును. క్రొత్త వేరు పట్టిన తరువాత పచ్చబడును. మనిషి విషయములోను ఈ రెండును కావలెను: పాదున నీరు, ఎదురుచూచు ఓపిక. ఒకటి ఇరుగుపొరుగువారు, ప్రభుత్వము ఇయ్యవలసినది. రెండవది తనకు తాను ఇచ్చుకొనవలసినది. ఈ దృష్టితో క్రొత్తగా వచ్చు కుటుంబములకు మేము చెప్పదలచినది ఇది.

మొదటిది: వచ్చిన వారములోనే త్రాగునీరు, వైద్యశాల, చౌకధరల దుకాణము, పాఠశాల ఎక్కడెక్కడ నున్నవో తెలిసికొనవలెను. దేశమంతట ఒకే రేషను కార్డు చెల్లు పద్ధతి 2022 నాటికి అన్ని రాష్ట్రములలోను అమలునకు వచ్చినది. కావున ఇతర రాష్ట్రము నుండి వచ్చినవారు దానిని వినియోగించుకొనవచ్చును. పిల్లల బదిలీ పత్రము, జనన ధ్రువపత్రము, టీకాల చీటి ఒకే సంచిలో భద్రపరుపవలెను. మన ప్రాంతములో దోమతెర లేక నిద్రింపరాదు.

రెండవది: నేలను, నీటిని, వానకాలమును గూర్చి స్థానిక వృద్ధులను అడుగవలెను. అడుగుట చిన్నతనము కాదు. దండకారణ్య కథలో లోపించినది ముఖ్యముగా ఇట్టి ప్రశ్నయే.

మూడవది: సంతలో పనికివచ్చు మాటలు ముందు నేర్వవలెను. నీరు, ఉప్పు, ధర, దారి, నొప్పి, సాయము — ఇట్టివి నూరు మాటలు ఒడియాలోను, ఇక్కడి కొండప్రజలు వాడు దేశియాలోను వచ్చిన చాలును, సగము భయము తొలగును. తెలుగును విడువనక్కరలేదు. ఇంట తెలుగు, వీధిలో ఒడియా. రెండును కంటికి రెండు రెప్పల వంటివి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించుటకు రాష్ట్రములు యత్నింపవలెనని రాజ్యాంగములో 1956లో చేర్చిన 350ఎ అధికరణము చెప్పుచున్నది.

నాల్గవది: చిన్నదైనను పని చేపట్టవలెను. శిబిరములలో ఏండ్లతరబడి ఊరక కూర్చున్న కాలము కాందిశీకుల ధైర్యమును ఎక్కువగా క్రుంగదీసినది.

ఐదవది: ఒక సంవత్సరము గడువనిచ్చి గాని ఊరిని మంచిదనియో చెడ్డదనియో తీర్పు చెప్పరాదు. చైత్ పరబ్ నాడు పొరుగువారి పిలుపునందుకొనవలెను. సంక్రాంతికి వారిని పిలువవలెను. దుఃఖమును దాచుకొనక మాట్లాడవలెను. వారములకొలది నిద్రాహారములు లేకున్న వైద్యునకు చూపవలెను. అందు సిగ్గుపడవలసినది లేదు.

పాఠశాల చేయదగినది

ఇక మీరు చేయదగినది. క్రొత్తగా వచ్చిన బాలునకు బల్లపై చోటిచ్చుటతో మీ బాధ్యత తీరదు. వాని పేరు సరిగా పలుకుడు. సంఖ్యతో పిలువబడిన గ్రామముల కథ చదివితిరి కదా, పేరు విలువ తెలియును. వాని యాసను వెక్కిరింపకుడు. మొదటి నెల ఒక విద్యార్థి వానికి తోడుగా నుండవలెను: ఎక్కడ నీరు త్రాగవలెనో, ఏ గంటకు ఏమి జరుగునో, ఏ దారిని ఇంటికి పోవలెనో చూపవలెను. మధ్యాహ్న భోజనమున వానిని ఒంటరిగా కూర్చుండనియ్యరాదు. వానికి వచ్చి మనకు రానిది ఏదో ఒకటి తప్పక యుండును: ఒక ఆట, ఒక పాట, ఒక లెక్కల కిటుకు. దానిని అడిగి నేర్చికొనుడు. ఇచ్చుటకు తనవద్ద ఏదియో కలదని తెలిసిననాడు వాడు పరాయివాడుగా నుండడు. ఉపాధ్యాయులును మొదటి పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి అట్టి బాలుని తెలివిని నిర్ణయింపరాదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ఇల్లు కదలకయే క్రొత్తవారగుట యనగా నేమి? మీ పెద్దలనడిగి ఒక ఉదాహరణము వ్రాయుడు.

2. తూర్పు బెంగాలు రైతుల నేర్పు మొదట అక్కరకు రాకపోవుటకు కారణములేవి? పిమ్మట అది ఏ రూపమున ఉపయోగపడెను?

3. డొంగర్, పదర్, బెడా, ఝోలా — ఈ నాలుగు విధముల నేల మీ ఊరిలో ఎక్కడెక్కడ నున్నదో పటము గీసి చూపుడు.

4. మీ తరగతిలో ఈ సంవత్సరము క్రొత్తగా చేరినవారెవరు? వారివలన మీరు నేర్చికొన్నదేమి? ఇంకను ఏమియు నేర్వనిచో, రేపటినుండి ప్రారంభింపుడు.